భోజనానికి ముందు చుట్టిన కండె

కలమజూలో మార్చి నెల. మంచు కరిగి
నా దుకాణం గుమ్మంలో బురదై నిలిచిన పూట
లామాంట్ టీస్లీ తన కొత్త గిటారుని
నిద్రపోయే పిల్లని దించినట్టు బల్ల మీద దించాడు.

కొత్తదే, కానీ పాతదానిలా పుట్టింది.
యాభై ఆరు నాటి నమూనాకి మలి అచ్చు:
నడుమ తేనెరంగు, అంచులకు పోనుపోను డికాక్షను,
ఛాతీకి అటూ ఇటూ కొడవలి కంతలు,
కుక్కచెవుల మూతల కింద రెండు పికప్పులు,
ఆఖరికి మరల మీది తుప్పు కూడా
కొలిచి పూసినదే.
లోపలంతా డొల్ల.
మనిషినంటే తిట్టు. ఈ జాతికి
అదే ఊపిరితిత్తి.

"ఏం జబ్బు?" అన్నాను.
"ఏమీ లేదు. అదే జబ్బు," అన్నాడు,
ముప్పై ఏళ్ల శనివారాలు డెట్రాయిట్ దారి బార్లలో వాయించి
బొటనవేలి గోరు అరగదీసుకున్నవాడు.

మరలు విప్పి మీటరు ముళ్లు ఆనించాను.
మెడ దగ్గరది ఎనిమిది వేల ఓములు.
వంతెన దగ్గరదీ ఎనిమిది వేలే.
ఒక్క ఓము అటూ ఇటూ లేదు.
నా దగ్గరికొచ్చే పాతవాటిలో
ఒకటి ఏడున్నర, ఇంకోటి ఎనిమిదింబావు,
ఒక కడుపున పుట్టి పొసగని అప్పచెల్లెళ్లు.

అప్పుడే వచ్చింది వెర్నా హైజింగా,
పడకగది దీపానికి తీగ మార్పించుకుందామని.
సెలరీ మళ్ల నల్లమట్టిలో పెరిగిన డచ్చి వాళ్ల పిల్ల,
పద్దెనిమిదో ఏట ఫ్యాక్టరీకొచ్చి
ఇవే కండెలు చుట్టింది, పెళ్లయి మానేసేదాకా.
అడగకుండానే బల్ల లైటు వంచి,
కళ్లజోడు నుదుటికి తోసి,
నేను లేపిన టేపు అంచు కింద చూసింది.
రాగితీగ, బడిపిల్లల వరసలా.

"ఎవరు చుట్టారిది?
చుట్టినంతసేపూ ఒక్కసారీ తుమ్మలేదే!"

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

"లెక్కపెట్టే గడియారం ఒకటుండేది మాకు,
సగం రోజులు నిద్రపోయేది.
కండె కడుపు నిండిందనిపిస్తే ఆపేయడమే.
వెంట్రుక నయం, అంత సన్నం తీగ.
భోజనానికి ముందు ఆకలి మీద బిగించి చుట్టేదాన్ని,
తిన్నాక వదులు.
మార్జరీ నిశ్చితార్థం చెడిన వారం
అన్నీ అడ్డదిడ్డం.
చేతులు కండె మీద, కళ్లు ఆమె మీద."

"నాదొకటి పోయింది," అన్నాడు లామాంట్,
"వ్యాను అద్దం పగలగొట్టి ఎత్తుకెళ్లారు.
పైతీగ మీద గొంతు కాస్త బొంగురు.
అది ఏ వారంలోదో?"

వెర్నా భుజాలెగరేసింది.
"నాకేం తెలుసు, అవెలా మోగేవో?
వాయించి చూసే గది వేరు. దానికి తలుపుండేది.
మా గదిలో మోటారే."

మూతలు పెట్టి, తీగలు శ్రుతి చేసి,
ఆంప్లిఫైయర్‌కి తగిలించి ఇచ్చాను.
అతను నిదానమైనదేదో వాయించాడు, బాగానే.
ఆమె బల్బుల అరలో ధరలు చదువుతోంది.

పాట అయిపోయింది.
తీగల మీద అరచెయ్యి పరిచాడు.
పాట లేదు, పికప్పు ఉంది:
గోడలోని కరెంటంతా తాగి
జుమ్మంటూ, జుమ్మంటూ.

ఆమె తల తిరిగింది.
"ఆగు. చెయ్యి తియ్యకు.
అదే మా గది.
ఇంటికెళ్లి పక్కమీద వాలినా చెవిలో ఉండేది,
నేను అది నా ఒంట్లోదే అనుకునేదాన్ని."

లామాంట్ చెయ్యి తియ్యలేదు.
ఎంతసేపో చెప్పలేను. బయట
ఉప్పు లారీ ఒకటి వెళ్లింది. కిటికీ అద్దం
జుమ్ముతో శ్రుతి కలిపి, మళ్లీ తప్పింది.

పికప్పులు మార్చమని అతనడగలేదు.
నేను చీటీ మీద రాశాను:
లోపం కనిపించలేదు, రెండు మరలు బిగించాను.

దీపం తీగకి నాలుగు డాలర్లంటే
వెర్నా మూడుకి బేరమాడింది.
ఇచ్చేముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
దాన్ని నలిపి చూసి,
"ఇంత లావా?" అంది.